ధూపం వేళ

కిందటి వారం మనం ఊర్మిళను వాకిట్లో గొంగడి ముందు నిలబెట్టి వచ్చేశాం. దండెం మీద ఆరేసిన నల్లగొంగడిని చూసి ఆ తొమ్మిదేళ్ల పిల్ల "నాయనమ్మా, ఆకలైతుంది" అని అడిగింది. గొంగడి పలకలేదు. పిల్ల మళ్లీ అడిగింది. వంటింటి గడపలో నిలబడి చూస్తున్న తల్లి అరుంధతికి ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే పిల్ల మొహంలోకి చూసింది. పిల్ల కళ్లకు అద్దాలు లేకపోలేదు. సూర్యాపేట కళ్ల డాక్టరు ఇచ్చిన అద్దాలే పెట్టుకుని ఉంది. ఆయన చెప్పిన వైద్యం కూడా ఏడాదిన్నరగా పూట తప్పకుండా చేస్తూనే ఉన్నారు. అయినా నాయనమ్మకూ గొంగడికీ తేడా తెలియలేదు.

ఆ ఇంట్లో మగదిక్కు లేదన్న సంగతి మీకు తెలిసిందే. అరుంధతి భర్త వెంకటేశ్వర్లు రజాకార్ల రోజుల్లో ఒక మాఘమాసపు పొద్దున "సర్హద్దు దాటి పోతున్న, గడబిడ తగ్గంగనే వస్త" అని చెప్పి బయల్దేరాడు. గడబిడ తగ్గింది. యూనియన్ సైన్యం వచ్చింది, నిజాం రాజ్యం పోయింది, సరిహద్దు అవతలి క్యాంపులకు పారిపోయినవాళ్లంతా మూటాముల్లే నెత్తిన పెట్టుకుని తిరిగొచ్చారు. అతను మాత్రం రాలేదు. మదరాసు దాకా పోయాడనీ, అక్కడేదో పని దొరికిందనీ అత్తగారు చిలకమ్మ చెబుతూ ఉంటుంది. కోడలు నమ్ముతూ ఉంటుంది. నమ్మక ఏం చేస్తుంది? అరుంధతిది బందరు వైపు. ఈ కోదాడ దగ్గరి పల్లెలో ఆమెకు అత్తగారు తప్ప మనసు విప్పి మాట్లాడే మనిషి లేదు.

ఈసారి సూర్యాపేట ప్రయాణానికి చిలకమ్మ రానంది. మోకాళ్లన్నది, బస్సు పడదన్నది, మంచిరోజు కాదన్నది. అరుంధతి వాదించలేదు. వాదించే ఓపిక ఆమెకు ఎప్పుడో అయిపోయింది. పొద్దున్నే పిల్లకు తలదువ్వి, చద్దన్నం మూట కట్టుకుని, బండి మీద కోదాడ చేరి బస్సెక్కింది. అబ్బ, ఆ బస్సు! కూర్చున్నవాళ్ల ఒళ్లో నిలబడ్డవాళ్లు, నిలబడ్డవాళ్ల సందున కోళ్ల గంపలు. మధ్యలో మిలిట్రీ లారీలు ఎదురొస్తే బస్సు రోడ్డు దిగి, అవి పోయేదాకా దుమ్ములో నిలబడేది. పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తోంది గానీ ఏమీ చూడటం లేదని తల్లికి తెలుసు. పొలాల్లో కొంగలు లేస్తే పక్కనున్న పిల్లలంతా కేకలు పెట్టారు. ఊర్మిళ కూడా అందరితో పాటు చేతులు చరిచింది, కానీ తల వేరే దిక్కుకు తిప్పి చరిచింది.

కళ్ల డాక్టరు గది బజారులో పిండి గిర్నీ పక్క సందులో ఉంది. ముసలాయన. హైదరాబాదు నుంచి వచ్చి ఎన్నో ఏళ్ల కిందటే ఇక్కడ స్థిరపడ్డ తురకాయన. పోయినసారి ఆయన నోట తెలుగు ముక్క లేదు. ఇప్పుడు వచ్చీరాని తెలుగులో రోగులను కసురుతున్నాడు. గోడ మీద ఉర్దూ అక్షరాల పట్టీ పక్కన కొత్తగా తెలుగు అక్షరాల పట్టీ వేలాడుతోంది. రాజ్యం మారితే డాక్టర్ల నాలుకలు కూడా మారాలి మరి.

ఊర్మిళను గోడకు ఎదురుగా నిలబెట్టి ఒక కన్ను మూయించాడు. పిల్ల పైనున్న పెద్ద 'అ' చదివింది. దాని కింది వరుస చూసి నీళ్లు నమిలింది. ముందుకు వంగింది, కళ్లు చికిలించింది, ఆఖరికి తల్లివైపు తిరిగి నేనేం చేయను అన్నట్టు చూసింది. డాక్టరు ఆమె ముక్కుమీద ఇనుప చట్రం పెట్టి బిళ్లలు మార్చాడు. ఒకటి తీశాడు, ఇంకొకటి వేశాడు, దాని మీద మరొకటి వేశాడు. అరుంధతి ఒక్కో బిళ్లనూ లెక్కపెట్టుకుంది.

"నంబర్ శానా పెరిగింది" అన్నాడు డాక్టరు చట్రం తీసి. "గింత జల్దీ పెరగొద్దు. నేను చెప్పిన పని చేసినవా లేదా?"

"చేశానండీ."

"దినాం ధూప్ ఇచ్చినవా?"

"ఇచ్చానండీ. పొద్దునా సాయంత్రం రెండుపూటలా. నాకు ఒంట్లో బాగాలేని రోజున కూడా మానలేదు."

"ఝూట్" అన్నాడాయన. కోపంగా అనలేదు. రోజంతా అబద్ధాలు విని విని అలిసిపోయిన మనిషి అన్నట్టు అన్నాడు. ఊర్మిళ చేయి పట్టుకుని తిప్పి చూపించాడు. "ధూప్ల తిరిగిన పిల్ల గిట్ల పాలిపోయి ఉంటదా? సూడు, ఉడకబెట్టిన గుడ్డు లెక్క ఉంది."

అరుంధతికి ఒళ్లు మండింది. ఏడాదిన్నరగా ఆమె చేసిన చాకిరీ ఆమెకు తెలుసు. "అబద్ధం ఎందుకు చెబుతానండీ? నా బిడ్డ కళ్లండీ అవి! కావాలంటే దాన్నే అడగండి. తప్పించుకుపోతుంటే పట్టుకొచ్చి మరీ వేశాను."

"వేసినవా?" డాక్టరు ఆ మాట దగ్గర ఆగిపోయాడు. పిల్ల జడ ముక్కుదగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ఇంకోసారి చూశాడు. "ఇది దర్గా వాసన. లోబాన్! పిల్లకు సాంబ్రాణి పొగ ఎందుకు వేసినవమ్మా?"

"మీరే కదండీ వేయమన్నారు! ధూపం."

డాక్టరు లేచి, కుంటుకుంటూ కిటికీ దగ్గరికి పోయి, మూసి ఉన్న తలుపు రెక్కను బయటికి తోశాడు. మార్గశిరపు ఎండ నేలమీద చాపంత పరుచుకుంది. ఆయన ఊర్మిళను తీసుకుపోయి ఆమె చేయి ఆ వెలుగులో పెట్టాడు.

"గిదమ్మా" అన్నాడు. "గిది ధూప్. ఎండ. సూర్యుని ఎండ. పొద్దంత పిల్లను ఎండల ఆడనియ్యమన్న. పొగ వెయ్యమని నేనెందుకు చెప్త?"

అరుంధతి ఆ ఎండలో ఉన్న పిల్ల చేతిని చూస్తూ నిలబడింది. నవ్వొచ్చింది ఆమెకు. నిజంగానే నవ్వొచ్చింది. నోటికి పైట చెంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. ఎట్లా చేసింది తను ఆ పని! సామానుల గది తలుపులు మూసి, పొగ పోకుండా సందుల్లో గుడ్డలు కుక్కి, కుంపటి ముందు పిల్లను పీట మీద కూర్చోబెట్టి, నెత్తిన దుప్పటి కప్పేది. రోడ్లు మూసేసి సాంబ్రాణి దొరకని రోజుల్లో వేపాకు వేసింది, వాము వేసింది, వెల్లుల్లి పొట్టు వేసింది. పిల్ల దగ్గేది. "అమ్మా, కళ్లు మండుతున్నయే" అని ఏడిచేది. మండనీ, నీళ్లు కారితే దోషం పోతుందని ఓదార్చేది. ఒకరోజు దుప్పట్లోంచి పారిపోబోతే వీపు మీద ఒక్కటి వేసి మళ్లీ కూర్చోబెట్టింది. మిగిలిన పొద్దంతా పిల్ల ఆ చీకటి ఇంట్లోనే, చిమ్నీ దీపం ముందు తండ్రి పుస్తకాలు ముక్కుకు ఆనించుకుని చదువుకునేది. పోనీలే, గోల చేయకుండా ఒక మూలన కూర్చుంది కదా అని తల్లి సంతోషపడేది కూడాను.

"నాకు మీ భాష రాదండీ" అంది చివరికి.

"నీకు రాదు. నీ అత్తకు వచ్చు గద?" డాక్టరు కుర్చీలో కూలబడ్డాడు. "పోయినసారి ఆమెకే అంత చెప్పిన. ఆమె ఉర్దూ నా ఉర్దూ కంటె సాఫ్. ఎండ ఎందుకు, ఎంతసేపు, ఏ యాల్ల, అన్నీ మల్ల మల్ల అడిగింది. నేను ఖుషీ అయిన, ఇంత సమజ్దార్, తెలివిగల నాయనమ్మ ఉన్నదని."

అరుంధతికి ఆ రోజు కళ్లముందు కదిలింది. ఈ గదిలోనే ఆయన గడగడా మాట్లాడుతుంటే ఆమెకు అర్థమైంది ఒకే ఒక్క మాట. ధూప్, ధూప్ అని పదేపదే అంటున్నాడు. "ధూపమా అత్తయ్యా?" అని తను చెవిలో అడిగింది. చిలకమ్మ తన వైపు చూసింది. కాస్త ఆగి, "ఆఁ, ధూపమే. దినాం వెయ్యమంటున్నడు" అంది. ఆ కాస్త ఆగడం అప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు గుర్తొచ్చింది అదే.

"ఇప్పుడేం చేయాలండీ? ఇప్పటినుంచైనా ఎండలో ఉంచితే తగ్గుతుందా?"

"తగ్గదు" అన్నాడాయన నిర్మొహమాటంగా. బల్లమీది కాగితపు ముక్క తీసుకుని గుండ్రంగా ఒక గీత గీశాడు. దాని పక్కన కోడిగుడ్డు ఆకారం గీశాడు. "కన్ను గిట్ల గుండ్రంగ ఉండాలె. నీ బిడ్డ కన్ను గుడ్డు లెక్క పొడుగు సాగుతుంది. సాగిన కన్ను మల్ల పొట్టిగ కాదు. సాగకుండ ఆపాలె. ఆపితే మనం గెలిచినట్టే."

"ఆపకపోతే?"

"ఇంత దూకుడు మీద సాగితే లోపలి పొర పలచబడతది. పలచబడ్డది ఎప్పుడో ఒకనాడు చినుగుతది. గప్పుడు నేనిచ్చే అద్దాలు పనికిరావు, ఎవ్వరి ఐనక్ పనికిరాదు." పిల్ల వింటోందని గుర్తొచ్చి గొంతు తగ్గించాడు. "అంతదూరం రానియ్యం. చదువు బంద్ చెయ్యకు, కాని పుస్తకం మూరెడు దూరం పెట్టాలె. పొద్దుగూకినంక పుస్తకం ముట్టొద్దు. కొంచెంసేపు చదివినంక తలెత్తి దూరం ఉన్న చెట్టునో గుట్టనో సూడాలె. అన్నిటికంటె పెద్ద మందు బయట ఉండుడు. చుక్కల మందు ఒకటుంది. అది వేస్తే వెలుగు సూడలేదు, అక్షరం సూడలేదు, పిల్ల పరేషాన్ అయితది. ముందు ధూప్ సూద్దాం. కొత్త అద్దాలు హైదరాబాదు నుంచి రావాలె, వచ్చినంక కబురు పెడ్త." గుమ్మం దాకా వచ్చాక వెనక్కి పిలిచాడు. "అమ్మా, మల్ల సమజైందా? ఎండ."

"ఎండ" అంది అరుంధతి. బళ్లో పిల్ల పాఠం అప్పజెప్పినట్టు.

ఇల్లు చేరేసరికి దీపాల వేళయింది. దారిపొడుగునా ఆమె మనసులో అత్తగారితో పోట్లాడుతూనే ఉంది. ఇలా అడగాలి, అలా కడగాలి అని మాటలు కూడబెట్టుకుంది. బస్సు కుదుపులకూ బండి కుదుపులకూ ఆ మాటలన్నీ ఎక్కడెక్కడో రాలిపోయాయి. చావిట్లోకి అడుగుపెట్టేసరికి చిలకమ్మ కుంపటి ముందు కూర్చుని విసనకర్రతో నిప్పులు రాజేస్తోంది. పక్కన చిప్పలో సాంబ్రాణి పొడి కొట్టి పెట్టుకుంది.

"వచ్చిన్రా బిడ్డా? బస్సు మంచిగ దొరికిందా? డాక్టర్ ఏమన్నడు?"

"ఊర్మిళా, నువ్వు పెంటమ్మ దగ్గరికి పోయి కాళ్లు కడుక్కో" అని పిల్లను పెరట్లో ఉన్న పనిమనిషి దగ్గరికి పంపింది అరుంధతి. పిల్ల చేతులు చాచి గోడ తడుముకుంటూ పోయింది. అప్పుడడిగింది. "అత్తయ్యా, ధూప్ అంటే ఏంటి?"

విసనకర్ర ఆగింది. అత్తగారు దబాయిస్తుందనుకుంది అరుంధతి. నాకేం ఎరుక అంటుందనుకుంది. అలా అని ఉంటే అరుంధతి ఆ రాత్రి ఇల్లు పీకి పందిరేసేది. చిలకమ్మ అలా అనలేదు. బొగ్గుల వైపే చూస్తూ, "ఎండ" అంది.

"మీకు తెలుసు!"

"ఎందుకు తెల్వది? మా నాయన మిర్యాలగూడల పట్వారి. కచ్చేరి మా ఇంట్లనే నడిచేది. తెలుగు కంటె ముందుగల ఉర్దూ చెవుల పడ్డది నాకు."

"తెలిసీ ఆఁ అన్నారు. తెలిసీ నా చేత నా పిల్లకు పొగ పెట్టించారు!"

"పెట్టిచ్చిన" అంది చిలకమ్మ.

అంత తేలిగ్గా ఒప్పుకున్న మనిషితో ఎలా పోట్లాడాలో అరుంధతికి తోచలేదు. స్తంభానికి ఆనుకుని నిలబడిపోయింది. చిలకమ్మ విసనకర్ర కింద పెట్టి, పైట చెంగుతో మొహం తుడుచుకుంది.

"మనం దవాఖానకు పోయింది ఏ దినాలల్లనో జర యాదికి తెచ్చుకో. దొడ్లెకు పోవాలన్నా ఇద్దరం జోడుగ పోయేటోళ్లం. లారీ సప్పుడైతే చాలు, పిల్ల నోరు మూసి వడ్ల గుమ్మి ఎనక కూసునేది. గసొంటి దినాలల్ల ఆ డాక్టర్ పిల్లను పొద్దంత బయట ఆడనియ్యమన్నడు. నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. నీకు చెప్తె ఆగుతవా? డాక్టర్ చెప్పిండంటె నీకు అదే వేదం. చెయ్యి పట్టుకోని బజార్ల నిలబెడ్తవు. ఎట్ల చెప్పకుంట ఉండాల్నా అని నేను ఆలోచన చేస్తనే ఉన్న. నువ్వే అడిగినవు, ధూపమా అని. నేను కాదనలే. పిల్ల పొగల కూసుంటె ఇంట్ల ఉంటది గద అనుకున్న. కండ్లు సగం పోయినా పిల్ల మిగులుతది. పిల్లే పోయినంక కండ్లు ఏం చేసుకుంట?"

ఆ రోజులు అరుంధతికీ గుర్తున్నాయి. గుమ్మి వెనక చీకట్లో పిల్ల నోరు మూసిన చేయి తనదే. కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, "నాతో చెప్పాల్సింది అత్తయ్యా" అంది నీరసంగా. "ఇద్దరం కలిసి దాచుకునేవాళ్లం కదా. పొగ ఎందుకు? ఊరికే ఇంట్లో కూర్చోబెట్టేదాన్ని కదా."

చిలకమ్మ మళ్లీ విసనకర్ర అందుకుంది.

"పోనీ, ఆ రోజులు సరే. పోలీసు యాక్షన్ జరిగి ఏడాది దాటిపోయింది. ఊళ్లో పిల్లలంతా బయట ఆడుకుంటున్నారు. నేను రోజూ వాళ్ల కేకలు వింటూ ఈ కుంపటి ఊదాను. మరి ఇప్పుడెందుకు? రేపో మాపో వీళ్ల నాన్న వస్తే నేనేం చెప్పుకోను? పిల్లను ఇలా చేశానని చెప్పుకోనా?"

ఆ మాటకు ముసలావిడ తల ఇంకా కిందికి దిగింది. పుల్లతో బూడిద కెలికింది. "అలవాటై పోయింది బిడ్డా" అంది.

"అలవాటా!"

"బయట మాటలు మంచియి కావు. ఎవల నోరు మనం మూస్తం? పిల్ల చెవులల్ల ఏదన్న పడితే..." అక్కడితో మింగేసింది. "ఏం లేదు. నువ్వు పొద్దటిసంది తినలే. పొయ్యి బువ్వ తిను."

ఇంకో రోజైతే అరుంధతి ఆ సగం మాటను పట్టుకుని లాగేది. ఆ రోజు ఆమెలో ఆ శక్తి లేదు. బిందెలోంచి చెంబుడు నీళ్లు ముంచి కుంపట్లో పోసింది. నిప్పులు చుయ్యిమని ఆవిరి చిమ్మాయి. "ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు అత్తయ్యా. కన్ను ఇలాగే సాగుతూ పోతే లోపలి పొర చిరుగుతుందట. అప్పుడు అద్దాలు కూడా పనికిరావట. గుడ్డిదవుతుంది."

చిలకమ్మ తలెత్తింది. ఆమె మొహంలో అప్పటిదాకా ఉన్న మొండితనం ఒక్కసారిగా కరిగిపోయింది. "గా మాట నాకు చెప్పలే" అంది. "ఒట్టు బిడ్డా, గా మాట నాకు చెప్పలే. పెద్ద అద్దాలు పెట్టుకుంటది, అంతే గద అనుకున్న. గుడ్డిదైతదని తెలిస్తే నా చేతులతోని..." తన చేతులవైపే చూసుకుంది, మాట పూర్తి చేయలేదు.

"రేపటినుంచి బయటికి పంపుతాను."

ముసలావిడ సాంబ్రాణి చిప్పను పక్కకు తోసింది. "పంపు. నేను అడ్డం రాను. వాగు దిక్కు మాత్రం పోనియ్యకు."

"మోకాలి లోతు నీళ్లు కూడా లేవు వాగులో."

"అయినా పోనియ్యకు" అని లేచి, కుంపటి ఎత్తుకుని పెరట్లోకి పోయింది.

మర్నాడు పొద్దెక్కాక అరుంధతి వీధి తలుపు రెండు రెక్కలూ బార్లా తీసింది. ఊర్మిళ గడప మీద నిలబడి, రెండు చేతులూ కళ్లకు అడ్డం పెట్టుకుంది. వెలుగు గుచ్చుకుంటోందంది. భయంగా ఉందంది. లోపలికి పోయి చదువుకుంటానంది. బతిమాలుకోగా బతిమాలుకోగా ఒక కాలు కింద పెట్టింది. పెంటమ్మ కూతురు ఎల్లమ్మ వచ్చి ఆమె చేయి పట్టుకుంది. ఊర్మిళ ఈడుదే ఆ పిల్ల. ఎండకు కాలి, కళ్లు మిలమిలలాడుతూ ఉంటుంది. "వాగు దగ్గరికి పోకండమ్మా, ఇళ్ల మధ్యే ఆడుకోండి" అని చెప్పింది అరుంధతి. ఇద్దరూ తలలూపారు. తలలూపిన పిల్లలు మాట వింటారని ఎవరైనా అనుకుంటే వాళ్లు పిల్లలను పెంచనివాళ్లే.

అరుంధతి వీధి అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతూ కూతురి వైపే చూసింది. పిల్ల మొదట గోడ పట్టుకుని నడిచింది. తరువాత గోడ వదిలింది. ఒకచోట రాయి తగిలి పడింది, లేచి పావడా దులుపుకుంది, మళ్లీ పరిగెత్తింది. పరుగెత్తుతున్న కూతుర్ని చూసి ఎన్నాళ్లయిందో! అరుంధతికి కడుపు నిండినట్టయింది. దారినపోయే ఆడవాళ్లు ఊర్మిళను చూసి ఆగారు. అరుంధతి నుదుటి బొట్టు వైపు చూశారు. ఏదో అనబోయి, "మంచిగున్నవా అమ్మా" అని మాత్రం అని పోయారు. పిల్లను ఇన్నాళ్లు దాచి పెట్టినందుకు కాబోలు వీళ్ల వింత చూపు అనుకుంది ఆమె. బియ్యం ఏరడం అయ్యేసరికి పిల్లలు సందు మలుపులో కనిపించలేదు. లేచి వెతుకుదామనుకుంది గానీ ఒళ్లు సహకరించలేదు. ఏడాదిన్నర అలసట ఆ ఎండలోనే ఆమె మీద వాలింది. స్తంభానికి తల ఆనించి కళ్లు మూసుకుంది.

"అమ్మా, రేగుపండ్లు!"

కళ్లు తెరిచేసరికి ఊర్మిళ ఎదురుగా ఉంది. బుగ్గలు ఎర్రబడ్డాయి. జుట్టు రేగిపోయింది. పావడా ఒడి నిండా రేగుపండ్లు. అద్దాలకు మట్టి అంటి ఉంది. ఎల్లమ్మ వెంట రాలేదు. చిలకమ్మ కూడా పిల్ల గొంతు విని గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఎక్కడివే ఇవి?"

"వాగు కాడియి. కోప్పడకు అమ్మా, నీళ్లల్ల దిగలే. ఒడ్డు మీదనే ఉన్నం." పిల్ల తల్లి పక్కన చతికిలబడి అరికాలు చూపించింది. "ముల్లు గుచ్చింది. ఎండ మంచిగుందమ్మా. పొగ లెక్క మండదు."

అరుంధతి పిల్ల కాలు ఒళ్లో పెట్టుకుని పిన్నీసుతో ముల్లు తీయబోయింది. "కదలకు" అంది. సంతోషంగానే అంది.

"అమ్మా, వాగవతల తుమ్మచెట్ల కాడ రాళ్ల కుప్ప ఉన్నదట. ఎల్లమ్మ సూపిచ్చింది. నాకు ఏదో నల్లగ కనపడ్డది అంతే."

"కదలకన్నానా."

"గాడ మీ నాయన ఉన్నడు అన్నది ఎల్లమ్మ. రజాకార్లు కొట్టి పడేస్తే ఎల్లమ్మ నాయన, ఇంకొందరు కలిసి రాళ్లు పేర్చిన్రట. నాయనమ్మ ఎవరికీ చెప్పొద్దని మొక్కిందట."

గుమ్మంలో చిలకమ్మ పైట చెంగు మొహం మీదికి లాక్కుంది. అరుంధతి చేతిలో పిన్నీసు పిల్ల పాదం మీదే ఆగిపోయింది.

"నేను కాదన్న" అంది ఊర్మిళ. ఒక రేగుపండు తీసి పావడాకు తుడుచుకుంటూ. "మా నాయన మదరాసుల ఉన్నడని చెప్పిన. గాడున్న పిల్లలందరు ఊకున్నరు. ఒక్కరన్నా నవ్వితే అబద్ధమనుకుందును. ఎవ్వరు నవ్వలే అమ్మా." ఇంకా ఆ పండు నోట్లో వేసుకోలేదు. మట్టి అంటిన అద్దాల్లోంచి తల్లి మొహంలోకి, చాలా దగ్గరగా, చూసింది. "నాకు దూరానికి కనపడది గద. నువ్వొచ్చి సూసి చెప్పు, గాడ ఉన్నది నాయననేనా?"